దుకాణం ముందు సరుకు, ప్రహరీ వెంట పచ్చదనం: పట్టణ ప్రణాళిక అధికారులకు ఒక చిన్న వ్యాపారి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
హైదరాబాద్ మహానగర పరిధిలోని నగర పాలక సంస్థల కమిషనర్లకు, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు,

విషయం: వ్యాపార స్థలాల్లో ఆరుబయట సరుకు నిల్వకు స్పష్టమైన నిబంధనలు రూపొందించడం, ఇప్పటికే ఉన్న పచ్చదనం షరతులను అమలు చేయడం గురించి.

నమస్కారం.

నేను నగరానికి తూర్పున ఒక శివారు రోడ్డుపై పైపులు, సిమెంటు, శానిటరీ సామాను అమ్మే చిన్న వ్యాపారిని. ఆ రోడ్డు వెనుక కాలనీలోనే మా కుటుంబం ఉంటుంది. అందువల్ల చోటు చాలక సరుకు బయట పేర్చుకునేవాళ్ల ఇబ్బందీ తెలుసు, ఆ సరుకును తప్పించుకుంటూ రోడ్డు మీదకు దిగి నడిచేవాళ్ల ఇబ్బందీ తెలుసు. మా రోడ్డులోని కొందరు వ్యాపారులు, కాలనీవాసులు కలిసి రాసుకున్న వినతిపత్రాన్ని సోమవారం అధికారులు ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాం. సంబంధిత విభాగానికి పంపామని ఒక సంక్షిప్త సందేశం వచ్చింది. ఆ విభాగానికి వెళితే అది ట్రాఫిక్ వాళ్లు చూడాలన్నారు, అక్కడికి వెళితే లైసెన్సుల విభాగం చూడాలన్నారు. పచ్చదనం పాటించని భవనాలపై ఎంత జరిమానా వేశారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఆ వివరాలు విడిగా నిర్వహించడం లేదన్న జవాబు వచ్చింది. ఆ కార్యాలయంతో తగవు పెట్టుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. అక్కడి సిబ్బంది చేతిలో ఈ విషయంపై సరైన నిబంధనే లేదని మాకు అర్థమైంది కాబట్టి, నిబంధనలు రాసే స్థాయిలో ఉన్న మీ ముందు ఈ మాటలు పెడుతున్నాను.

ముందుగా ఉన్న నిబంధనల సంగతి. 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఈనాటికీ మన భవన నిర్మాణ నియమాలకు పునాది. 300 చదరపు మీటర్లు దాటిన స్థలంలో సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ ఖాళీగా వదలవలసిన చోటు, లోపల ప్రహరీ వెంట కనీసం ఒక మీటరు వెడల్పున పచ్చని మొక్కల పట్టీ ఉండాలని అది చెబుతుంది. 750 చదరపు మీటర్లు దాటిన గృహ, సంస్థాగత, పారిశ్రామిక స్థలాల్లో దీనికి తోడు 5 శాతం స్థలాన్ని పచ్చదనానికి వదలాలని కూడా చెబుతుంది. పచ్చదనం పెంచకపోతే, ఆ షరతు నెరవేరే వరకు ఏటా ఆస్తి పన్నుపై అదనంగా 10 శాతం జరిమానా వసూలు చేయాలి. భవన అనుమతి పత్రం చివర ముద్రించే షరతుల్లో, కాలిబాట మీద, రోడ్డు అంచున నిర్మాణ సామగ్రి నిల్వ చేసి రాకపోకలకు అడ్డం కలిగిస్తే అనుమతిని నిలిపివేయవచ్చని కూడా ఉంటుంది. ఇల్లు కట్టుకున్న ప్రతి ఒక్కరి బీరువాలోనూ ఈ కాగితం ఉంటుంది. చదివినవాళ్లు ఎందరన్నది వేరే మాట.

చిక్కు ఎక్కడుందంటే, ఈ షరతులన్నీ భవనం కట్టే యజమానికి చెప్పినవి. కట్టడం పూర్తయి, భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చాక అందులో అద్దెకు దిగే వ్యాపారి ఆ కాగితాన్ని చూడడు. అతని చేతికి వచ్చేది వ్యాపార లైసెన్సు. దాని రుసుము దుకాణం విస్తీర్ణాన్నీ ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి లెక్కకడతారు గాని, బయట ఎంత చోటులో ఏ సరుకు పెడతావని అడిగేవారు ఉండరు. నిజానికి కొన్ని రకాల సరుకు నిల్వకూ, కొన్ని వ్యాపారాలకూ లైసెన్సు తప్పనిసరి చేసిన 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 521వ సెక్షన్ ఉద్దేశం సరిగ్గా ఇదే: ఏది, ఎక్కడ, ఎలా నిల్వ ఉంచితే చుట్టుపక్కల వారికి ప్రమాదమో చూడడం. ఆచరణలో అది రుసుము కట్టించుకునే వ్యవహారంగా మిగిలిపోయింది. ఒకే స్థలానికి సంబంధించిన రెండు అనుమతులు రెండు విభాగాల్లో ఉండి, ఒకదాని షరతు రెండోదానికి తెలియకపోవడమే ఈ లేఖలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం.

దీనివల్ల సామాన్యులకు జరుగుతున్నదేమిటో వరుసగా చెబుతాను.

1. నడిచేవారికి దారి లేదు. మా రోడ్డులో గ్రానైట్ పలకలు అమ్మే చోట్లు ఉన్నాయి. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్కో పలక దాదాపు 300 కిలోల బరువు తూగుతుంది. అలాంటివి పది, పన్నెండు కలిపి కోణాకారపు ఇనుప స్టాండుకు ఆనించి కాలిబాట మీదే నిలబెడతారు. స్టాండు కాళ్ల కింద ఇటుక ముక్కలు, పలకలకు కట్టిన తాడు ఒకటి, అదీ ఎండకు పీచులు తేలి ఉంటుంది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు ఆ పలకలకు ఆనుకుని బస్సు కోసం నిలబడతారు. చక్రాల కుర్చీలో వెళ్లే మనిషి అక్కడ కాలిబాట దిగి లారీల మధ్య నుంచి పోవలసిందే. కాలిబాటపై అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని భారత రోడ్ల కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. అడ్డంకులు లేని కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచే ఉంది. అంటే హక్కుకు కొదవ లేదు, ఆ హక్కును రోడ్డు మీద కొలిచి చూపే కొలబద్ద మాత్రం వ్యాపార లైసెన్సులో లేదు.

2. నిల్వ సరుకు వల్ల ప్రాణాలు పోయాయి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలోని పాత సామాన్ల గోదాములో మంటలు రేగి, పైన నిద్రిస్తున్న బిహారీ కార్మికులు 11 మంది చనిపోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములకు మంటలంటుకుని, పై అంతస్తుల్లో కాపురమున్న కుటుంబాలవారు కనీసం తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ గోడల మధ్య నిల్వలే కదా, ఆరుబయట నిల్వకు సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. వాహనాలకని వదిలిన చోటు, గాలీ వెలుతురూ రావాలని వదిలిన సెట్‌బ్యాక్, అగ్నిమాపక యంత్రం తిరగాలని వదిలిన దారి క్రమంగా గోదాములుగా మారడమే ఈ ప్రమాదాలకు దారి. మొదట నాలుగు డ్రమ్ములు, తర్వాత పైన ఒక రేకు, ఆ తర్వాత పక్కన అడ్డుగోడ. అగ్నిమాపక చట్టం ప్రకారం ముందస్తు అనుమతి తీసుకోవలసినవి ప్రధానంగా 15 మీటర్ల ఎత్తు దాటే వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆపైన ఉండే నివాస భవనాలు, ఎక్కువ జనం గుమిగూడే చోట్లు. ఒకటి రెండు అంతస్తుల దుకాణం, దాని పెరట్లో గుట్టగా పోసిన ప్లాస్టిక్, అట్టపెట్టెలు, రంగుల డబ్బాలు ఈ జల్లెడలో పడవు.

3. దోమలు. పాత టైర్లు ఆరుబయట వేసే చోట వాన నీరు ఎటు తిప్పినా టైరు లోపలే నిలుస్తుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇలాంటి నిల్వ నీటిలోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి చెడకుండా ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. ఇళ్లలో పూలకుండీల కింద పళ్లాలు పారబోయమని మీ సిబ్బంది కాలనీలో ఇంటింటికీ వచ్చి చెబుతున్నారు, మంచిదే. కాలనీ మలుపులో వందల టైర్ల గుట్టకు ఒక టార్పాలిన్ కప్పమని చెప్పే నిబంధన ఎక్కడుందో వారికే తెలియదు.

4. వాన నీరు ఇంకే మట్టి పోయింది. ఒక మీటరు పచ్చని పట్టీ అంటే చాలామందికి అలంకారంగా తోస్తుంది. లెక్క వేసి చూద్దాం. 20 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు ఉన్న 500 చదరపు మీటర్ల స్థలంలో ముందు భాగం వదిలేసి మిగిలిన మూడు వైపులు మాత్రమే లెక్కించినా ఆ పట్టీ 65 చదరపు మీటర్లు దాటుతుంది. అయిదు సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ మట్టి మీద పడే నీరు 3,000 లీటర్లకు పైనే. ఇది ఒక్క స్థలం. ఒక వాణిజ్య రోడ్డుకు రెండు వైపులా ఈ పట్టీలన్నీ కాంక్రీటయితే ఆ నీరంతా ఒకేసారి రోడ్డెక్కుతుంది. 2020 అక్టోబర్ 13న నగర శివార్లలో కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లకు పైగా కురిసిన వానను ఏ పూలమొక్కలూ ఆపేవి కావు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ప్రతి వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలిచే రోడ్లు ఆ స్థాయి వానకు మునుగుతున్నవి కావు, గంటసేపు కురిసే మామూలు వానకే మునుగుతున్నాయి. ఇసుక, కంకర కుప్పలు కాలువ పక్కన పోసి ఉంటే సగం కుప్ప కాలువలోకే కొట్టుకుపోతుంది. ఆ పూడిక తీసే ఖర్చు మళ్లీ పన్ను కట్టేవారి మీదే పడుతుంది.

జరిమానా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడాదికి లక్ష రూపాయల ఆస్తి పన్ను కట్టే భవనానికి పచ్చదనం లేనందుకు పడే అదనపు భారం పది వేలు. అదే 65 చదరపు మీటర్లు, అంటే సుమారు 700 చదరపు అడుగులు, సరుకు పెట్టుకోవడానికి అద్దెకిస్తే ఒక్క నెలలోనే అంతకు తగ్గకుండా వస్తుందని ఈ వ్యాపారంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. వసూలు చేసినా వెరవని జరిమానా అది, అసలు వసూలే చేయకపోతే ఇక చెప్పేదేముంది?

5. నిబంధన పాటించే వ్యాపారి నష్టపోతున్నాడు. సరుకు లోపలే పెట్టుకుని ముందు చోటు ఖాళీగా ఉంచిన దుకాణం రోడ్డు మీద పోయేవారి కంట పడదు. పక్కవాడు బయట పేర్చిన బకెట్లు, పైపుల వెనుక అది దాక్కుపోతుంది. గిరాకీ కోసం వీడూ రెండడుగులు ముందుకు జరుపుతాడు, అవతలివాడు మరో రెండడుగులు. ఒకరోజు ఎక్కడి నుంచో ఆదేశం వచ్చి లారీతో దిగిన సిబ్బంది అందరి సరుకునూ ఒకే గాటన కట్టి ఎత్తుకుపోతారు. వారంలో అంతా యథాప్రకారమే. ఎంత దూరం వరకు తప్పు కాదో కాగితం మీద లేనప్పుడు అది ఆరోజు వచ్చిన అధికారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుంది. బేరసారాలు పుట్టేది అక్కడే.

ఇంకొక అన్యాయం కూడా ఈ తొలగింపుల్లోనే జరుగుతోంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండి వారికి రక్షణ ఇచ్చింది, సర్వే చేయకుండా, గుర్తింపు ఇవ్వకుండా వారిని తొలగించరాదంది. సొంత దుకాణం ఉండి కూడా సరుకును కాలిబాట మీదకు నెట్టేవారిని, దుకాణమే లేని బండివారిని ఒకే జాబితాలో రాయడం చట్టానికీ విరుద్ధం, మానవత్వానికీ విరుద్ధం. ముందుగా పోయేది బండే, ఎందుకంటే దాన్ని తోసుకుపోవడం తేలిక.

వ్యాపారుల వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షమవుతుంది. మా సరుకు స్వభావమే అలాంటిది. పీవీసీ పైపు 20 అడుగులు, ఇనుప కడ్డీ 40 అడుగులు, దాన్ని మధ్యకు మడిచినా 20 అడుగులే. మా రోడ్డులో సగం మడిగెలు 12 అడుగుల వెడల్పువి. భారీ వాహనాలకు పగలు నగరంలో ఆంక్షలున్నందున లారీ అర్ధరాత్రి వస్తుంది. హమాలీలు చీకట్లో దించి దుకాణం ముందే పెట్టిపోతారు. తెల్లారి లోపలికి సర్దే మనుషులు దొరికేసరికి పదకొండవుతుంది, ఈలోగా మరో లోడు. గోదాము అద్దెకు తీసుకుందామంటే శివారులో ఇప్పుడు గోదాముల అద్దెలు పెద్ద కంపెనీలకే అందుబాటులో ఉన్నాయి. అందువల్ల బయట నిల్వను పూర్తిగా నిషేధించండి అని నేను అడగడం లేదు. అలాంటి నిషేధం కాగితం మీదే బతుకుతుంది. ఎక్కడ పెట్టుకోవచ్చో, ఎలా పెట్టుకోవాలో చెప్పండి అని అడుగుతున్నాను. ఇది మనకు కొత్తగాని, లోకానికి కొత్త కాదు. మనవాళ్లు ఎందరో వ్యాపారాలు చేసుకుంటున్న అమెరికాలో పలు నగరాల జోనింగ్ నియమాలు, అంటే ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నియమాలు, అమ్మకానికి బయట ప్రదర్శించే సరుకును, బయట నిల్వ ఉంచే సరుకును వేరువేరుగా చూస్తాయి. మొదటిదాన్ని పరిమితంగా దుకాణం ముందు అనుమతిస్తాయి. రెండోదాన్ని వెనుక భాగానికో పక్క భాగానికో పరిమితం చేసి, రోడ్డుకు కనిపించకుండా గోడో దట్టమైన చెట్ల కంచో ఉండాలంటాయి. వారి నియమాలను మక్కీకి మక్కీ దింపుకోనక్కరలేదు, మన మడిగెల వెడల్పుకు అవి సరిపోవు కూడా. ఆ విభజన మాత్రం తీసుకోదగినది.

ఈ కారణాల వల్ల మీ ముందు ఈ కింది కోరికలు ఉంచుతున్నాము.

1. వ్యాపార లైసెన్సు దరఖాస్తులోనే బయట పెట్టే సరుకు రకం, అది ఉండే చోటు చూపే చిన్న పటం అడగాలి. భవన అనుమతిలోని సెట్‌బ్యాక్, పచ్చదనం షరతులను లైసెన్సు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ముద్రించాలి. అద్దెదారు, యజమాని ఇద్దరినీ బాధ్యుల్ని చేయాలి.

2. ప్రదర్శనకు, నిల్వకు వేరు నియమాలు రాయాలి. ప్రదర్శన ప్రహరీ గీత లోపలే, పని వేళల్లోనే జరగాలి. నిల్వ పక్క, వెనుక భాగాల్లో మొక్కల పట్టీని వదిలి, అగ్నిమాపక దారిని మూయకుండా ఉండాలి. పేర్చే ఎత్తుకు పరిమితి పెట్టాలి. గ్రానైట్, గాజు పలకల స్టాండ్లను నేలకు బోల్టులతో బిగించడం, పలకలకు ఇనుప పట్టీ వేయడం తప్పనిసరి చేయాలి.

3. తేలిగ్గా అంటుకునే సరుకు నిల్వ ఉన్న ఏ చోటైనా, భవనం ఎత్తుతో సంబంధం లేకుండా, అగ్నిమాపక శాఖ తనిఖీ పరిధిలోకి తేవాలి. అలాంటి చోట మనుషులు నిద్రించడాన్ని నిషేధించి, దాన్ని లైసెన్సు షరతుగా రాయాలి. మిగిలినవాటికి గడువులు ఇవ్వవచ్చు, దీనికి గడువు వద్దు.

4. టైర్లు, డ్రమ్ములు, ఖాళీ డబ్బాలు పైకప్పు కింద గాని నీరు నిలవని కప్పుతో గాని ఉంచాలని చెప్పి, ఆ తనిఖీ అధికారాన్ని కీటక నియంత్రణ సిబ్బందికి ఇవ్వాలి.

5. పచ్చదనం పాటింపును ఏటా ఆస్తి పన్ను చెల్లింపుతో ముడిపెట్టాలి. యజమాని ప్రహరీ వెంట తీసిన ఫొటోలతో స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి, కొన్నింటిని ఎంపిక చేసి మీరు తనిఖీ చేయాలి. ఎన్ని భవనాలపై 10 శాతం జరిమానా వేశారో, ఎంత వసూలైందో వార్డులవారీగా ఏటా ప్రకటించాలి. ఏ మొక్కలు నాటాలో కూడా సూచించాలి. ఒక మీటరు పట్టీలో మర్రి, రావి పెరగవు. గోరింట, నందివర్ధనం, గన్నేరు కంచెగా పెరుగుతాయి. వెడల్పున్న చోట కానుగ, పొగడ, వేప నీడనిస్తాయి. కుండీలు వరుసగా పెట్టి ఫొటో తీసి చూపిస్తే దాన్ని మొక్కల పట్టీగా లెక్కించరాదు, ఎందుకంటే కుండీ కింద ఉన్నది కాంక్రీటే.

6. 300 చదరపు మీటర్ల లోపు స్థలాల చిన్న వ్యాపారులకు ప్రతి జోన్‌లో ఉమ్మడి నిల్వ యార్డులు ఏర్పాటు చేయాలి. నిరుపయోగంగా ఉన్న ప్రభుత్వ స్థలాల్లో చదరపు అడుగుకు నెల అద్దె నిర్ణయించి, లాటరీ ద్వారా కేటాయిస్తే అద్దె కట్టడానికి మేము సిద్ధం. రాత్రి లోడు నేరుగా అక్కడే దిగుతుంది. చెరువు, నాలా పక్క స్థలాలను మాత్రం ఇందుకు వాడవద్దు.

7. యార్డులు ఏర్పాటయ్యే వరకు చిన్న వ్యాపారులకు ఒక ఏడాది వ్యవధి ఇవ్వాలి. ఆ ఏడాదిలోనూ కాలిబాట మీద 1.8 మీటర్ల దారి వదలాలన్న షరతు మొదటి రోజు నుంచే అమలు చేయాలి. స్వాధీనం చేసుకున్న సరుకుకు అక్కడికక్కడే జాబితా రాసి రసీదు ఇవ్వాలి.

8. వీధి వ్యాపారుల తొలగింపును ఈ అమలుతో కలపరాదు.

వీటిపై ముసాయిదా నిబంధనలను రెండు భాషల్లోనూ ప్రచురించి, అభ్యంతరాలకు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలని, ఏ విభాగం దీనికి బాధ్యత వహిస్తుందో, ఆ అధికారి హోదా ఏమిటో ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాము. మా రోడ్డునే ప్రయోగాత్మకంగా తీసుకుంటామంటే దుకాణాల వారీగా బయట సరుకు కొలతలు, ప్రహరీ వెంట ఖాళీ కొలతలు మేమే తీసి పటంతో సహా అందజేస్తాము. అందులో నా దుకాణం కొలతలు మొదటి పేజీలో ఉంటాయి.

ఇట్లు,
మా రోడ్డు వ్యాపారులు, కాలనీవాసుల తరఫున
ఒక హార్డ్‌వేర్ దుకాణదారు, హైదరాబాద్